బార్బరా మీద అట్ల పెనం

షికాగో దగ్గర అరోరా ఊరి తెలుగువాళ్లలో సొంత పడవ కొన్న మొదటి మనిషి రామమోహన్ గారు. సొంత పడవలో, అది ఇంకా రేవు దాటకముందే, వాంతి చేసుకున్న మొదటి మనిషి కూడా ఆయనే. ఈ రెండో ఘనతను ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. చూసినవాళ్లు చెప్పారు.

1979 వేసవిలో వాళ్ల పక్కింటి అమెరికన్‌ను భార్య వదిలేసి ఆరిజోనా వెళ్లిపోయింది. ఆ దుఃఖంలో ఆయన ఆవిడను గుర్తుచేసే సామానంతా అమ్మకానికి పెట్టాడు. అందులో ఒక పియానో, ఒక కుట్టుమిషను, చిన్న గదీ వంటగట్టూ ఉన్న ఒక మోటారు పడవా ఉన్నాయి. కుట్టుమిషను కోసం వెళ్లిన రామమోహన్ గారు పడవ కొనుక్కుని తిరిగొచ్చారు. కుట్టుమిషను ఏదని భార్య జయంతి గారు అడిగితే, అది అప్పటికే అమ్ముడైపోయిందని చెప్పారు.

పడవ వెనక వైపు నీలం అక్షరాలతో "బార్బరా" అని రాసి ఉంది. ఆరిజోనా వెళ్లినావిడ పేరే అది. పడవ పేరు మారిస్తే కీడని మిషిగన్ సరస్సు మీద తిరిగేవాళ్ల నమ్మకం. అద్దె అపార్ట్‌మెంట్‌కి కూడా గుమ్మం ఏ దిక్కుకుందో చూసుకుని దిగే మనవాళ్లకు ఈ నమ్మకం ఒక్క పూటలో ఒంటబట్టింది. పైగా ఆడమనిషి పేరాయె. ఉత్త పేరుతో పిలవడం మర్యాద కాదని వారం తిరక్కుండానే ఆ పడవ "బార్బరా గారు" అయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో, "ఈ శనివారం బార్బరా గారికి ఆయిల్ మార్చాలి" వంటి మాటలు ఎవరూ నవ్వకుండా అనగలిగేవారు.

రామమోహన్ గారు వంతెనలకు డిజైన్లు వేసే ఇంజనీరు. నీళ్లకు పైన, నీళ్లను తాకకుండా నిలబడేవాటిని కట్టడం ఆయన వృత్తి. ఆ వృత్తిని ఆయన చదువు చూసి ఎంచుకున్నారని అందరూ అనుకునేవారు. మిషిగన్ సరస్సు ఒడ్డున, వాకీగన్ రేవులో పడవ ఎక్కిన మొదటిరోజు, అది ఆయన పొట్ట చేసిన నిర్ణయమని తేలింది. అలలను ఆపే అడ్డుగోడ దాటకముందే ఆయన మనిషి రంగు మారి, రేవు గట్టు మీద వెల్లకిలా పడుకుని, ఆకాశానికేసి చూస్తూ, "ఇది కదలకుండా ఉన్నప్పుడు బాగుంటుంది" అన్నారు.

అది మొదలు బార్బరా గారిని కదలకుండానే వాడారు. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలను వాకీగన్ తీసుకెళ్లి, కట్టేసిన పడవలో చుక్కాని చక్రం పట్టుకోబెట్టి ఫొటోలు తీసేవారు. ఆ ఫొటోల పుణ్యమా అని తెనాలిలోనూ తణుకులోనూ సముద్రయానం చేసినవాళ్ల సంఖ్య బాగా పెరిగింది.

ఈ ఫొటోల్లో ఎక్కడా కనిపించని మనిషి జయంతి గారు. కెమెరా ఆవిడ చేతిలో ఉండేది.

జయంతి గారు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కారు ప్రమాదాల క్లెయిములు చదివే ఉద్యోగం చేసేది. జనం తమ ప్రమాదాలను తమ మాటల్లో రాసి పంపుతారు, ఆవిడ చదివి ఏది నిజమో తేలుస్తుంది. ఏళ్ల తరబడి ఆ కాగితాలు చదివాక ఆవిడకు ఒక సంగతి బోధపడింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో మనుషులు కార్లను దేనికీ గుద్దరు. చెట్లే వచ్చి కార్లను గుద్దుతాయి. కరెంటు స్తంభాలు హఠాత్తుగా రోడ్డు దాటుతాయి. గరాజ్ తలుపులు దాక్కుని ఉండి మీద పడతాయి. స్తంభం దానంతట అదే వచ్చిందని చదివిన ప్రతిసారీ జయంతి గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, కాదని రాసేది.

ఇలాంటి మనిషి, 1980 చలికాలంలో, ఊరి హైస్కూల్లో పడవలు నడిపేవాళ్ల కోసం పెట్టిన సాయంత్రం క్లాసుకు వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది. చీర మీద స్వెట్టరు, దాని మీద కోటు. అంతకుముందే ఆరేళ్ల పిల్లలతో కలిసి ఈత నేర్చుకుంది. పిల్లలు ఆవిడను ఆంటీ అని పిలవడం అక్కడే అలవాటు చేసుకున్నారు, వాళ్ల తల్లులు కారణం అడిగినా చెప్పలేకపోయారు. క్లాసు పరీక్షలో ఆవిడ మంచి మార్కులు తెచ్చుకుంది. తర్వాతి వేసవి ప్రతి ఆదివారం వాకీగన్ వెళ్లి, బార్బరా గారిని విప్పి, రేవులో ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ తిప్పింది. ఒడ్డున రామమోహన్ గారు ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని, మడత కుర్చీలో కూర్చుని, వేరే వైపు చూసేవారు.

ఇదంతా ఎందుకని ప్రాణ స్నేహితురాలు నవోమి అడిగింది. నవోమి ఆస్పత్రిలో నర్సు, నరసాపురం మనిషి, ఆదివారం తెలుగు ప్రార్థనలో గొంతెత్తితే మిగతావాళ్లు పాడనక్కర్లేని మనిషి.

"కార్‌లో ఎక్కడికెళ్లాలో బోర్డు చెప్తుంది" అంది జయంతి గారు. "పెళ్లి కాకముందు నాన్న చెప్పేవాడు. తర్వాత ఈయన. ఇప్పుడు హైవే బోర్డులు. నీళ్ల మీద ఏ బోర్డూ లేదు నవోమీ. నేనే చెప్పాలి."

"దానికి ఇంత ఖర్చెందుకే? ఇంట్లో చెప్తే సరిపోదా?"

"చెప్పి చూశా."

1982 వసంతంలో ఒక రాత్రి భోజనాల దగ్గర రామమోహన్ గారు, పెరుగన్నంలోకి మాగాయ టెంక వేసుకుంటూ, తేలిగ్గా అన్నారు:

"మన శ్రీధర్‌కి మాటిచ్చేశాను. సెప్టెంబర్లో లేబర్ డే అయ్యాక వచ్చి తీసుకెళ్తాడు."

"ఏం తీసుకెళ్తాడు?"

"బార్బరా గారిని."

జయంతి గారు గరిటె కింద పెట్టింది. "ఏం చేసుకుంటాడట?"

"నేపర్‌విల్‌లో ఇల్లు కట్టాడుగా. డ్రైవ్‌వేలో పెట్టుకుంటే నిండుగా ఉంటుందట."

"నేను నడుపుతున్నాను కదండీ దాన్ని."

"రేవులో తిప్పడం నడపడం ఎలా అవుతుంది జయంతీ? పార్కింగ్ లాట్‌లో చక్కర్లు కొట్టినవాడు డ్రైవర్ అయిపోతాడా?"

"అయితే ఎంతదూరం వెళ్తే నడపడం?"

రామమోహన్ గారు ఫ్రిజ్ తలుపు మీది మ్యాపుకేసి చూశారు. అంతకుముందు జులైలో చెర్రీలు కోసుకుందామని విస్కాన్సిన్ కొసన ఉన్న స్టర్జన్ బే దాకా కార్లో వెళ్లారు. డ్రైవ్ చేసి చేసి ఆయన నడుము పట్టేసింది. ఆయనకు తెలిసినంతలో భూమ్మీద అంతకంటే దూరమైన సరస్సు ఊరు లేదు.

"స్టర్జన్ బే" అన్నారు.

"సరే."

ఈ 'సరే' విన్నాక ఆయన ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. ఆయన వెంటనే షరతులు పెట్టారు. ప్రతి రేవులోకీ చక్రం జయంతి గారే పట్టుకుని రావాలి. ఎవరి చేతా తాడు కట్టించుకుని లాగించుకోకూడదు. రేడియోలో కోస్ట్ గార్డును పిలవకూడదు. ఊరు చేరితే పడవ ఆవిడది, జీవితంలో మళ్లీ అమ్మకం మాట ఎత్తరు. చేరకపోతే శ్రీధర్ డ్రైవ్‌వే నిండుగా ఉంటుంది. జయంతి గారు అన్నిటికీ తలూపి, తన సెలవు ఎప్పుడు పెట్టాలో కేలెండర్లో చూసుకుంది.

జులైలో ఒక ఉదయం బార్బరా గారు వాకీగన్ అడ్డుగోడ దాటి ఉత్తరానికి తిరిగారు. చక్రం దగ్గర జయంతి గారు, పక్కన నవోమి. "మేం గోదావరి వాళ్లం. మాకు నీళ్లొక లెక్కా?" అని నవోమి అందరికీ చెప్పింది. ఆవిడకు ఈత రాదన్న సంగతి ఒక్క ప్రభువుకు మాత్రమే చెప్పి, లైఫ్ జాకెట్ రెండు ముళ్లు ఎక్కువేసి కట్టుకుంది.

రామమోహన్ గారు పడవ ఎక్కలేదు. స్టేషన్ వ్యాగన్ కారులో ఒడ్డు వెంబడి బయల్దేరారు. ఆ వేసవిలో ఆ ఒడ్డున జరిగింది వినోదయాత్రో తనిఖీయో చెప్పడం కష్టం. రసీన్ చేరేసరికి గట్టు మీద ఆయన ఉన్నారు. మిల్వాకీ చేరేసరికి అక్కడా ఆయనే. మడత కుర్చీ, ఫ్లాస్కు, తెలుగు వారపత్రిక పాత సంచిక. పడవ గట్టును తాకేటప్పుడు పత్రిక కొద్దిగా కిందికి దిగేది, తాకిన శబ్దం గట్టిగా రాకపోతే మళ్లీ పైకి లేచేది.

రసీన్ దగ్గర అలలు లేచాయి. నవోమి కళ్లు మూసుకుంది, జయంతి గారు తెరిచే ఉంచింది. మిల్వాకీ రేవులో మేడంత సరుకు ఓడ ఎదురైతే నవోమి ఆనందం పట్టలేక గాలిడబ్బా హారన్ ఎత్తి మోగించింది. ఓడ జవాబిచ్చింది. నవోమి మళ్లీ మోగించింది. అప్పట్నుంచి దారిన పోయే ప్రతి పడవకీ ఆవిడ హారన్‌తోనే నమస్కారం పెట్టేది.

"అది పొగమంచులో వాడాలి నవోమీ. ఊరికే అరగదీయకు."

"పలకరిస్తే పోయిందేముంది జయంతీ? పాపం, వాళ్లూ ఒంటరిగా వెళ్తున్నారు."

ఈ ప్రయాణంలో అన్నిటికంటే నిష్ఠగా జరిగిన కార్యక్రమం ఉదయం టిఫిన్. వేడి అట్టు తినకుండా ఏ రేవూ విడిచేది లేదు. పిండి ఐసు పెట్టెలో పడవలో ఉండేది. పొద్దున్నే దాన్ని గట్టు మీదికి తేగానే, కారు వెనకనుంచి రామమోహన్ గారు పెట్రోలు స్టవ్వూ అట్ల పెనమూ దించేవారు. ఆ పెనం గురించి రెండు మాటలు చెప్పాలి. అది జయంతి గారి అమ్మగారిది. దళసరి ఇనుము, నూనె తాగి తాగి అద్దంలా నల్లబడ్డది. దాన్ని సబ్బుతో కడిగిన మనిషిని జయంతి గారు క్షమించిన దాఖలా లేదు. పడవ ఎక్కించడానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. "బరువు సామాను పడవలో దొర్లితే కాళ్లు విరుగుతాయి" అని కారులోనే ఉంచింది.

పోర్ట్ వాషింగ్టన్‌లో మినపట్టు వాసనకు పక్క పడవలవాళ్లు లేచి వచ్చారు. షెబోయ్‌గన్‌లో వరస కట్టారు. కెవానీలో ఒక ముసలి జాలరి పొగబెట్టిన చేప తెచ్చి రెండు అట్లు పట్టుకెళ్లాడు, కారప్పొడి తగిలాక ఇంకో చేప తెచ్చాడు. రామమోహన్ గారు వాళ్లందరికీ పెనం పూర్వోత్తరాలు చెప్పేవారు. మానిటోవాక్‌లో ఒకరోజు, జయంతి గారు ఎదురుగాలిలో పడవను మెల్లిగా తెచ్చి గట్టుకు ఆనించినప్పుడు, పక్కనున్నాయన "బాగా నడుపుతోంది" అన్నాడు. "మా ఆవిడే" అన్నారు రామమోహన్ గారు. అన్నాక, తన పందెం తనకు గుర్తొచ్చి, పత్రిక ఎత్తి పట్టుకున్నారు. పత్రిక తలకిందులుగా ఉంది.

చివరి రేవు అల్గోమా. అక్కణ్నుంచి ఒక్క మజిలీ, ఎడమ చేతి వైపు ఒడ్డు ఉంచుకుని ఉత్తరానికి కాస్త కుడిగా పోతే స్టర్జన్ బే కాలువ వస్తుంది. కాలువ ముఖద్వారంలో ఎర్రటి లైట్‌హౌస్. కాలువ లోపలికి వెళ్తే ఊరు.

ఆ ఉదయం రామమోహన్ గారి మనసు కరిగింది. ఆయన కరిగినప్పుడల్లా ఏదో ఒక పని చక్కగా చేస్తారు, దాంతో ఎవరో ఒకరికి ఇబ్బంది వస్తుంది. జయంతి గారు పెట్రోలు డబ్బులు కట్టడానికి వెళ్లినప్పుడు ఆయన పెనాన్ని నూనె గుడ్డతో తుడిచి, అట్లకాడతో సహా పత్రికలో చుట్టి, పడవలోకి తెచ్చారు. నవోమి చూసింది.

"అన్నయ్యగారూ, జయంతి వద్దంది కదా?"

"ష్. ఊరు చేరగానే పడవ పొయ్యి మీదే అట్లు పోద్దాం, సర్‌ప్రైజ్. దొర్లకుండా పెడతా చూడు. బరువు మధ్యలో, కింద ఉండాలి. ఇంజనీరింగ్‌లో ఇది ఫస్ట్ ఇయర్ పాఠం."

పడవకు సరిగ్గా మధ్యలో, చుక్కాని చక్రం కింద ఒక చిన్న అర ఉంది. పెనం అందులో కొలిచి చేయించినట్టు పట్టింది. ఆయన తలుపు వేసి, సంతృప్తిగా తట్టి, కారెక్కి వెళ్లిపోయారు.

ఆ అరకు జానెడు పైన, చక్రం ముందు, దిక్సూచి ఉంది.

అయస్కాంతం పక్కన ఇనుము పెడితే ఏమవుతుందో కూడా ఫస్ట్ ఇయర్ పాఠమే. దానికంటే ముందు హైస్కూలు పాఠం కూడా. కానీ పెనం ఇనుమని గుర్తుండేది దానితో వండేవాళ్లకే. తినేవాళ్లకు అది పెనమే.

బార్బరా గారు అల్గోమా విడిచినప్పుడు ఎండ కాస్తోంది. కాసేపటికి ముందు నీళ్లు, ఆకాశం ఒకటే రంగులోకి వచ్చాయి. తర్వాత ఒడ్డు మాసిపోయింది. తర్వాత పడవ ముందు కొస కూడా లీలగా మాత్రమే కనపడింది. పొగమంచు.

జయంతి గారు వేగం తగ్గించి, క్లాసులో నేర్చుకున్నట్టే, దిక్సూచి మీద గీతనుంచి కన్ను తిప్పకుండా పట్టుకుంది. హారన్ మోగించమంది. నవోమి డబ్బా ఎత్తి నొక్కింది. అది చిన్నగా నిట్టూర్చి ఊరుకుంది. మళ్లీ నొక్కింది. నిట్టూర్పు కూడా రాలేదు.

"అయిపోయింది" అంది నవోమి. "మిల్వాకీ ఓడకి ఎక్కువ వేసినట్టున్నా."

జయంతి గారి కన్ను అప్పటికే ఇంకోచోట పడింది. లోతు చూపించే యంత్రంలో అంకె పెరుగుతోంది. ఒడ్డు పక్కనే పోతుంటే లోతు అంతగా పెరగకూడదు. ఆవిడ మ్యాపు చూసింది. అంకె చూసింది. దిక్సూచి చూసింది. దిక్సూచి నిబ్బరంగా, సరైన దారే అంటోంది. అంకె పెరిగి పెరిగి, ఇక అందనంత లోతుకు పోయి, చూపడం మానేసింది.

అప్పుడు కుడిపక్క ఎక్కడో, పొట్టలో తెలిసేంత బరువుగా, పెద్ద ఓడ కూత వినపడింది. సరుకు ఓడలు తిరిగేది సరస్సు నడిమధ్యన. ఒడ్డు పక్కన వెళ్లే పడవకు అది అంత దగ్గరగా వినపడే వీల్లేదు.

జయంతి గారు ఇంజన్ ఆపేసింది.

"ఏమైందే?"

"ఎక్కడున్నామో తెలియట్లేదు."

నవోమి గోదావరి వారసత్వం ఆ మాటతో సమాప్తమైంది. ఆవిడ కూర్చుని, చేతులు జోడించి, గొంతు తగ్గించి ప్రార్థించింది. జయంతి గారు రేడియో మైకు చేతిలోకి తీసుకుంది. ఒక్క మీట నొక్కితే కోస్ట్ గార్డు వస్తారు. వస్తే ఇద్దరూ క్షేమం, బార్బరా గారు నేపర్‌విల్‌లో పూలకుండీల మధ్య. మైకు వైపు చూసింది, లైఫ్ జాకెట్‌లో నవోమి వైపు చూసింది.

"నవోమీ, విను. పెట్రోలు ముల్లు ఇక్కడుంది చూడు. సగానికి వచ్చేలోపు దారి తేలకపోతే పిలిచేస్తా. పందెం కోసం నిన్ను ముంచను. ఇంకో ఓడ కూత దగ్గరగా వినపడితే ఇప్పుడే పిలుస్తా. సరేనా?"

"నీ ఇష్టం. నాకు మాత్రం ఆకలేస్తోంది. భయమేస్తే ఆకలి నాకు."

"భయమెయ్యకపోతేనో?"

"అప్పుడూ వేస్తుందనుకో." నవోమి లేచింది. "అన్నయ్యగారు చెప్పొద్దన్నారు గానీ, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? పడవ ఎలాగూ ఆగింది. రెండు అట్లు పోస్తా. తిన్నాక బుర్ర పని చేస్తుంది."

ఆవిడ వంగి, చక్రం కింద అర తెరిచి, పత్రిక చుట్టిన మూటను రెండు చేతులా బయటకు లాగింది.

జయంతి గారు దిక్సూచినే చూస్తోంది. పడవ ఆగి ఉంది. చక్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా గాజు కింద ఆ గుండ్రటి బిళ్ల, ఎవరో పిలిస్తే తిరిగిచూసినట్టు, మెల్లగా తిరిగింది. ఇంతసేపూ ఉత్తరమన్నది కాస్తా, మనం చూస్తున్నది దాదాపు తూర్పు అంది.

"నవోమీ. చేతిలో ఏంటది?"

"పెనం."

"మళ్లీ లోపల పెట్టు."

"అట్లు వద్దా?"

"పెట్టు ముందు!"

పెట్టింది. బిళ్ల వెనక్కి తిరిగి, నిబ్బరంగా ఉత్తరమంది.

"తియ్యి."

తీసింది. తూర్పు.

"పెట్టు."

"ఒసేయ్, నాకు నడుం పడుతుందే!"

జయంతి గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తొమ్మిదేళ్లుగా, నడిపినవాళ్ల తప్పే ఉంటుందన్న సూత్రం మీద బతికిన మనిషి. కాసేపటినుంచి ఆ సూత్రం తన మీదే ప్రయోగించుకుని లోపల్లోపల కుంగిపోతోంది. మొట్టమొదటిసారి, నిజంగానే, ఒక వస్తువు దారిలోకి వచ్చి అడ్డం పడింది. ఆ వస్తువు తన తల్లి ఇచ్చిన పెనం కావడం వేరే సంగతి.

"తూర్పుకి పోతున్నాం నవోమీ. సరస్సు మధ్యకి. దిక్సూచిని ఇది లాగేసింది."

"అయితే పారేసెయ్యనా?"

"పారేస్తావా? మా అమ్మ పెనం! ముందుకి పట్టుకెళ్లి కూర్చో. పడవ కొసకి. అట్లకాడ కూడా తీసుకెళ్లు, అదీ ఇనుమే."

"అక్కడ కూర్చుని ఏం చెయ్యను?"

జయంతి గారు ఖాళీ హారన్ డబ్బా చూసింది. పెనం చూసింది. "వాయించు."

నవోమి ముందు కొసన కాళ్లు చాపి కూర్చుని, పెనం చెవికి జాకెట్ తాడు దూర్చి ఎత్తి పట్టుకుని, అట్లకాడతో ఒక్క దెబ్బ కొట్టింది. చర్చి గంట సిగ్గుపడేలా మోగింది. ఆవిడకు నచ్చింది. ఇంకోటి కొట్టింది.

జయంతి గారు ఇంజన్ వేసింది. లెక్క ఇప్పుడు పెద్ద కష్టం కాదు. ఒడ్డు పడమర వైపు ఉంది. సరైన దిక్సూచితో మెల్లిగా పడమరకు పోతే లోతు యంత్రానికి అడుగు తగులుతుంది. తగలకపోతే మైకు ఉంది. చాలాసేపు యంత్రం ఏమీ చూపలేదు. పెట్రోలు ముల్లు సగం గీత మీదికి జరుగుతోంది. ఆవిడ మైకు ఒడిలో పెట్టుకుంది. ముందునుంచి పెనం దెబ్బలు, మధ్యమధ్య ప్రార్థన, ఒక్కోసారి రెండూ ఒకే లయలో. ముల్లు గీతను తాకబోతుండగా యంత్రంలో అంకె వెలిగింది. తగ్గింది. ఇంకా తగ్గింది. లోతు మ్యాపులో ఒడ్డు పక్కన ఉన్నంత అయ్యాక, ఆవిడ మైకును కొక్కేనికి తగిలించి, చక్రాన్ని ఉత్తరానికి తిప్పింది. ఆ లోతు దాటకుండా, గోడ పట్టుకుని చీకట్లో నడిచే మనిషిలా, ఒడ్డును పట్టుకుని నడిపింది.

ఈలోగా కాలువ ముఖద్వారం దగ్గర రామమోహన్ గారు మడత కుర్చీ విప్పి కూర్చుని, మూడుసార్లు మడిచి, మూడుసార్లు విప్పారు. కాఫీ చల్లారింది. లైట్‌హౌస్ కూడా కనపడటం మానేసింది. ఆయన లేచి, పక్కనే ఉన్న కోస్ట్ గార్డ్ స్టేషన్‌లోకి నడిచారు. లోపల ఒక యువకుడు మర్యాదగా వివరాలు అడిగాడు.

"పడవ పేరు?"

"బార్బరా."

"అందులో ఎవరున్నారు?"

"మా ఆవిడ."

"బార్బరా గారు పడవ నడపడంలో అనుభవం ఉన్నవారేనా?"

"బార్బరా మా ఆవిడ కాదు. పక్కింటాయన భార్య. మా ఆవిడ జయంతి, బార్బరాలో ఉంది." ఆ యువకుడి ముఖం చూసి, రామమోహన్ గారు ఇంకా వివరించబోయి ఆగిపోయారు. "సర్, దయచేసి ఒక పడవ పంపండి. ఈ పందెం వేసింది నేనే."

యువకుడు ఫోను అందుకున్నాడు. అప్పుడు కిటికీలోంచి, పొగమంచు లోపలినుంచి, ఒక చప్పుడు వచ్చింది. టంగ్. కాసేపాగి, టంగ్.

"అదేం గంట?" అన్నాడు యువకుడు. "మావైపు అలాంటిది లేదే."

ఆ చప్పుడు రామమోహన్ గారు తన సంసారం మొదలైనప్పట్నుంచీ ఎరుగుదురు. పిలిచినా టిఫిన్‌కి రానప్పుడు వంటింట్లోంచి వచ్చే చప్పుడు అది. ఆయన స్టేషన్‌లోంచి పరుగెత్తి గట్టు కొసకు చేరేసరికి, తెల్లటి తెరలోంచి ముందు పెనం, దాని వెనక నవోమి, ఆ వెనక బార్బరా గారు, చక్రం దగ్గర నిటారుగా జయంతి గారు, ఆ వరసలో బయటకు వచ్చారు.

పడవ గట్టును తాకిన చప్పుడు కూడా కాలేదు.

"కోస్ట్ గార్డ్ దగ్గరికి వెళ్లారా?" అంది జయంతి గారు, ఆయన వెనక వస్తున్న యువకుణ్ని చూసి.

"వెళ్లాను. కానీ షరతు నువ్వు పిలవకూడదని. నేను పిలవకూడదని కాదు."

"నమ్మకం లేక వెళ్లారు."

"భయమేసి వెళ్లాను జయంతీ."

ఆవిడకు ఆఫీసు గొంతు వచ్చింది. "దిక్సూచి కింద పెనం ఎవరు పెట్టారు?"

నవోమి లైట్‌హౌస్ వైపు తిరిగి, దాని ఎర్ర రంగును మహా భక్తిగా పరిశీలించసాగింది. రామమోహన్ గారు పెనం చూశారు, దిక్సూచి చూశారు. వంతెనల ఇంజనీరు కదా, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం తెల్లబడింది.

"పెనం మరి... అది దానంతట అదే..."

"ఏవండీ. ఆ వాక్యం నేను తొమ్మిదేళ్లుగా చదువుతున్నాను. పూర్తి చెయ్యకండి."

ఆయన పూర్తి చెయ్యలేదు. "నేనే పెట్టాను" అన్నారు.

జయంతి గారు కళ్లజోడు తీసింది గానీ తుడవడం మర్చిపోయింది. "ఈ వాక్యం వినడం ఇదే మొదటిసారి" అంది.

"శ్రీధర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా, స్టేషన్ బయట పే ఫోన్ ఉంది..."

"ఇంకా ఊరు చేరలేదు. షరతు ఊరిదాకా. కాలువ మిగిలింది." ఆవిడ చక్రం మీద చేతులు వేసింది. ఆ తర్వాత, ఆయన వైపు చూడకుండా, "కాలువలో అలలుండవు" అంది.

రామమోహన్ గారు కారు తాళాలు జేబులో వేసుకున్నారు. పాతకాలపు మనిషి గుడిలోకి వెళ్లినట్టు, చెప్పులు గట్టు మీద వదిలి పడవలోకి దిగారు. నవోమి ఆయన చేతుల్లో పెనం పెట్టింది.

"ఇది ఎక్కడ పెట్టమంటావు?"

"మీ ఒళ్లో. ముందుకెళ్లి కూర్చోండి. అట్లకాడ కూడా."

ఆయన వెళ్లి కొసన కూర్చున్నారు. బార్బరా గారు కాలువలోకి తిరిగారు. రెండు పక్కలా చెట్లు, మీదుగా విడిపోతున్న మంచు. కాసేపటికి ఊరి వంతెన కనపడింది. జీవితమంతా వంతెనలను కాగితం మీదా, పైనుంచీ చూసిన మనిషి, మొదటిసారి వెల్లకిలా తలెత్తి, ఒకదాని కిందినుంచి తేలిపోతూ చూశారు. పొట్ట ఇంకా తన నిర్ణయం ప్రకటించలేదు.

"జయంతీ, దీని అడుగుభాగం తుప్పు పడుతోంది" అన్నారాయన, వేలెత్తి చూపిస్తూ.

"చేతులు పెనం మీద ఉంచండి" అంది జయంతి గారు. "రేవు వస్తోంది. వాయించండి."

ఆయన వాయించారు.